అంతే దూరంలో అరుణాచలం

అరుణాచలమా, ఎక్కి రమ్మనని కొండవు నువ్వు.

మా ఏడుకొండలవాడు మెట్లెక్కించి దర్శనమిస్తాడు. శ్రీశైలం మల్లన్న అడవులు దాటించి, ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిప్పి రప్పించుకుంటాడు. నువ్వు నీ పాదాల చుట్టూ 14 కిలోమీటర్ల దారి పరిచి నడవమంటావు, అంతే. నిన్ను కుడిచేతి వైపు ఉంచుకుని, చెప్పుల్లేని కాళ్ళతో, దారికి ఎడమ అంచున నడుస్తాం. నీ పక్కన సిద్ధులు తిరుగుతుంటారట, వాళ్ళకి చోటు వదలాలట. ఇంద్రలింగం, అగ్నిలింగం, యమలింగం, నైరుతి లింగం... దిక్కుకొకటి వస్తుంది, దాటిపోతుంది. ఎంత నడిచినా నీకూ నాకూ మధ్య దూరం తరగదు.

ఆ తరగని దూరమే నన్ను నీకు కట్టేసింది.

చిన్నప్పుడు కార్తీకమాసం తెల్లవారుజామున అమ్మతో కాలవకి వెళ్ళి అరటిదొప్పలో దీపం వదిలితే, ఎవరి దీపం ఎంతదూరం పోయిందన్నదే నా ధ్యాస. పెద్దయ్యాక ధ్యానం పట్టుకుంటే అక్కడా అదే లెక్క: ఎంతసేపు కదలకుండా కూర్చున్నాను, కోపం ఎంత తగ్గింది, పక్కావిడ కన్నా ఎంత ముందున్నాను. ఆఫీసులో ప్రమోషన్ కోసం చూసినట్టే దేవుడి దగ్గరా చూశాను.

మధ్యలో రచయిత చలం తగిలాడు. గుడినీ ఆచారాన్నీ పెళ్ళినీ ఒక్కలాగే నిలదీసిన ఆ గొంతు విన్నాక పూజగది గుమ్మం తొక్కబుద్ధి కాలేదు. ఏళ్ళు గడిచాయి. అలాంటి చలం 1950లో నీ దగ్గరికి వచ్చేశాడనీ, 1979లో కన్నుమూసేదాకా నీ నీడనే ఉన్నాడనీ తెలిసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. లోకంతో అంత పోట్లాడినవాడికి ఈ కొండతో ఏం పని? అలసిపోయి వచ్చాడంటారు కొందరు. నాకా మాట రుచించదు. అలిసిపోవడానికైతే బెజవాడ చాలు, నువ్వున్న తిరువణ్ణామలై దాకా రానక్కర్లేదు. అబద్ధమనిపించిన ప్రతిదాన్నీ తోసేసుకుంటూ పోయినవాడికి, ఎంత తోసినా కదలనిదేదో ఎదురుపడి ఉంటుంది. అదేమిటో చూద్దామని వచ్చాను. భక్తితో వచ్చానంటే నువ్వు నవ్వుతావు.

నీ కథ నాకు మొదట పూర్తిగా అర్థమైంది కూడా నీ చుట్టూ నడుస్తున్నప్పుడే. నువ్వు మొదలూ చివరా లేని అగ్నిస్తంభానివై నిలబడ్డ వేళ బ్రహ్మ హంసై పైకెగిరాడు, విష్ణువు వరాహమై కిందికి తవ్వుకుంటూ పోయాడు. ఇద్దరికీ నీ అంతు దొరకలేదు. విష్ణువు దొరకలేదని ఒప్పుకున్నాడు, బ్రహ్మ మొగలిపువ్వు చేత దొంగసాక్ష్యం చెప్పించాడు. ఎక్కడమూ దిగడమూ తెలిసిన ఆ మహానుభావులకి నీ చుట్టూ ఒక్కసారి నడిచి చూద్దామని తోచలేదు చూడు! ఆ నిప్పును మేం తట్టుకోలేమని రాయివై చల్లారావట. ఏటా కార్తీకంలో నీ కొన మీద మంట వెలిగించి నీ పాత రూపం నీకే చూపిస్తారు.

1896 సెప్టెంబరు 1న మదురై వైపు నుంచి పదహారేళ్ళ కుర్రవాడొకడు నీ దగ్గరికి వచ్చాడు. 1950 ఏప్రిల్ 14న దేహం వదిలేదాకా నిన్ను విడిచి పోలేదు. ఆ మౌనస్వామికి రమణ మహర్షి అని 1907లో పేరు పెట్టింది మా బొబ్బిలి ప్రాంతపు కావ్యకంఠ గణపతి ముని. ఆ సన్నిధి ముచ్చట్లన్నీ అన్నగారికి ఉత్తరాలుగా రాసి మాకు తెలుగులో మిగిల్చింది సూరి నాగమ్మగారు. మహర్షి తెల్లవారుజామునే వంటింట్లో కూర్చుని కూరలు తరిగేవారని, లక్ష్మి అనే ఆవుకి సమాధి కట్టించారని తెలిసినప్పుడు, ముక్తి గురించి నేను మోసుకొచ్చిన పెద్ద పెద్ద మాటలు కాస్త బరువనిపించాయి.

ఇప్పుడు పౌర్ణమి వస్తే చాలు, హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ ప్రత్యేక బస్సులు. తమిళ ఊళ్ళో వీధి పొడవునా తెలుగు బోర్డులు. ఏ లింగం దగ్గర ఏం కోరుకోవాలో యూట్యూబులో అందరూ విని వస్తారు. కుబేరలింగం దగ్గర ఆ తోపులాట ఊరికే కాదు! విసుక్కునేదాన్ని ఒకప్పుడు. ఇప్పుడు ఆ గుంపులోనే నడుస్తాను. మొదట్లో ఇల్లూ వాకిలీ, రావలసిన డబ్బూ, అనవలసి ఉండీ అనలేకపోయిన మాటలూ అన్నీ వెంట వస్తాయి. నైరుతి దాటేసరికి అరికాళ్ళు మండుతాయి. ఆది అణ్ణామలై దగ్గర తలెత్తితే నీ ముఖం మారిపోయి ఉంటుంది. ఇందాకటి కొండేనా అనిపిస్తుంది. నేనెంత ఎదిగానన్న ప్రశ్న ఆ మధ్యలో ఎక్కడ రాలిపోతుందో తెలీదు. వెనక్కి తిరిగి వెతకబుద్ధీ కాదు.

కోరికలు మాత్రం రాలిపోలేదు, స్వామీ. కుబేరలింగం దగ్గర బిగబట్టుకున్న నోరు ఈశాన్యలింగం దగ్గర విప్పేస్తాను: అమ్మ మోకాళ్ళ సంగతి చూడు. ఈసారి ఆవిడా వస్తానంటోంది. ఆటోలో తిప్పుతానంటే వినదు. "నెలలు నిండిన రాణిలా నెమ్మదిగా నడవాలని మహర్షే చెప్పారటగా, నా నడక అంతకన్నా జోరుగా ఎప్పుడుందే?" అంటోంది.