పార్టు మార్చే ముందు కారణం: పాత చైన్ సాల మరమ్మతు

జర్మనీలో స్టిల్ కంపెనీ 1959లో తెచ్చిన కాంట్రా, 1960లలో అమెరికా రైతుల చేతికి అందిన హోమ్‌లైట్ ఎక్స్ఎల్-12 వంటి చైన్ సాలను విప్పి, బాగుచేసి, నేటికీ దుంగలు కోస్తున్నవాళ్లు ఆ దేశాల్లో ఉన్నారు. దీన్ని పాత సామాను మీది మోజు అని కొట్టిపారేయడం తేలిక. నేను మాత్రం దీన్ని నిలబెట్టుకోవలసిన పనితనం అంటాను. ఆగిపోయిన ఇంజన్ కనబడగానే కార్బొరేటర్ విప్పేయడం చాలామందికి అలవాటు. ఈ రంపాల మరమ్మతు బాగా తెలిసినవాళ్లు అలా చెయ్యరు. లోపం ఎక్కడుందో, ఎందుకు వచ్చిందో తేలేదాకా ఏ పార్టూ మార్చరు. ఈ పనికున్న విలువంతా ఆ క్రమంలోనే ఉంది.

టూ-స్ట్రోక్ ఇంజన్ నడవాలంటే కంప్రెషన్ ఉండాలి, వేళకు నిప్పురవ్వ పడాలి, పెట్రోలూ గాలీ తగుపాళ్లలో అందాలి. వీటిలో ముందు చూడవలసింది కంప్రెషన్. అది పోతే మిగతావి ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు. స్టార్టర్ తాడు పట్టుకుని రంపాన్ని వేలాడదీస్తే ఆగి ఆగి దిగాలి. జర్రున జారిపోతే అనుమానించాలి. గేజి పెడితే 120 పీఎస్ఐ దరిదాపుల్లో ఉంటే నిశ్చింత, 90కి దిగువన ఉంటే రింగులో బోరో అరిగినట్టే. ఆ తర్వాత సైలెన్సర్ ఊడదీసి, పొగ బయటికి వచ్చే రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్‌ను చూస్తారు. ఇంజన్ చరిత్ర అంతా అక్కడ రాసి ఉంటుంది. పొగ వెళ్లే వైపు నిలువు గీతలుంటే ఇంజన్ వేడెక్కి పట్టేసిందన్నమాట: ఆయిల్ తక్కువైంది, లేదా పెట్రోలు పాలు తగ్గి గాలి ఎక్కువైంది. పిస్టన్ పక్కనుంచి గాలి తీసుకునే ఇంజన్లలో ఆ గాలి వచ్చే వైపు గరుకుబారితే ఫిల్టరు దాటి దుమ్ము లోపలికి పోయిందని అర్థం. గాలి ఎక్కువ కావడానికి క్రాంక్ ఆయిల్ సీలు ఎండి పగలడం ఒక పెద్ద కారణం. క్రాంక్‌కేస్ మూసి సుమారు 7 పీఎస్ఐ గాలి నింపి, సబ్బునీళ్లు పూస్తే లీకు ఎక్కడుందో బుడగలు చెబుతాయి. ఈ పరీక్ష ఎగ్గొట్టి కొత్త పిస్టన్ వేస్తే, పాతదాన్ని కాల్చిన సీలే కొత్తదాన్నీ కాలుస్తుంది. కారణం ముందు, పార్టు తర్వాత అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నిప్పురవ్వ సంగతి మన పాత బజాజ్ స్కూటర్లు, యెజ్డీలు బాగుచేసిన మెకానిక్‌లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఫ్లైవీల్ కింద పాయింట్లు, కండెన్సర్, కాయిల్ ఉంటాయి. ఏళ్ల తరబడి మూల పడితే పాయింట్లకు చిలుము పడుతుంది. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, ఆ పొడి మిగలకుండా తుడిచి, మోడల్‌ను బట్టి 0.4 మిల్లీమీటర్ల చుట్టుపక్కల సందు పెడితే చాలా రంపాలకు మళ్లీ ప్రాణం వస్తుంది. 1970ల నుంచి వీటి చోట ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. అది ఎక్కువకాలం మన్నుతుంది, కాదనను; పాడైతే మాత్రం లోపల చూడటానికి ఏమీ ఉండదు, మార్చేయడమే.

కార్బొరేటర్ వంతు అప్పుడు వస్తుంది. స్కూటర్ కార్బొరేటర్‌లో ఫ్లోట్ ఉంటుంది కనుక అది నిలువుగానే ఉండాలి. చెట్టు మొదలు కోయాలంటే రంపాన్ని అడ్డంగా తిప్పాలి, ఒక్కోసారి తలకిందులుగానూ పట్టుకోవాలి. డయాఫ్రమ్ కార్బొరేటర్ వచ్చాకే అది సాధ్యమైంది. క్రాంక్‌కేస్‌లో గాలి ఒత్తిడి మారినప్పుడల్లా ఒక పలచటి పొర పంపులా కొట్టుకుంటూ పెట్రోలు తోడుతుంది. ఇంకొకటి చిన్న మీటను నొక్కి సూదిని తెరుస్తూ లోపలికి ఎంత పోవాలో నిర్ణయిస్తుంది. ఆ పొర గుడ్డలా మెత్తగా ఉండాలి. పాతదాన్ని వేలితో నొక్కితే చిటపటమంటుంది. అలాంటి రంపం స్టార్ట్ అవుతుంది గానీ యాక్సిలరేటర్ నొక్కగానే చచ్చిపోతుంది. ఈ పొరల కిట్ మార్చాక ట్యూనింగ్ చెవితో చెయ్యాలి. కర్రకు ఆనించకుండా పూర్తి వేగంలో వదిలితే ఇంజన్ కాస్త తడబడుతూ బొబొబొమని మోగాలి. చైన్ తిరిగే పట్టీ కర్రలో దిగగానే ఆ తడబాటు పోయి మోత ఒకే ధారగా రావాలి. గాలిలోనే సన్నగా, ఈలలా కూస్తుంటే పెట్రోలు చాలట్లేదని గ్రహించి వెంటనే కార్బొరేటర్ మీది పెట్రోలు స్క్రూ వదులు చెయ్యాలి. ఏ పుస్తకమూ చెవికి పట్టించలేని విద్య ఇది. పక్కన నిలబడి వింటేనే వస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చు కదా అనేవాళ్లున్నారు. మజూరీ లెక్కేస్తే కొత్తదే చవక అయ్యే సందర్భాలు ఉన్న మాట నిజం. కానీ మూల పడ్డ రంపాల్లో తరచు పాడయ్యేవి పొరలు, పైపులు, సీళ్లు, అంటే రబ్బరు. గట్టి క్రాంకూ, మెగ్నీషియం పోత బాడీ చెక్కుచెదరకుండా ఉండగా రబ్బరు ముక్క కోసం యంత్రాన్నంతా తుక్కుకు వేయడం పొదుపు అనిపించుకోదు. భద్రత గురించిన అభ్యంతరం ఇంతకంటే బరువైనది, దాన్ని నేను తోసిపుచ్చను. నాటి రంపాలకు చైన్ బ్రేకు లేదు. పట్టీ కొన పైభాగం కర్రకు తగిలితే రంపం ఎగిరి ముఖం మీదికి వస్తుంది. అదురును ఆపే స్ప్రింగులూ రబ్బరు దిమ్మలూ చాలావాటికి లేవు. ఏళ్ల తరబడి వాడిన కూలీలకు వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కే జబ్బు పట్టుకుంది. పైగా టూ-స్ట్రోక్ ఇంజన్ కొంత పెట్రోలును కాల్చకుండానే బయటికి వదిలేస్తుంది. కనుక రోజంతా చెట్లు కూల్చే కూలీ చేతిలో బ్రేకున్న కొత్త రంపమే ఉండాలి. పాతది నేల మీది దుంగలకు, కాసేపటి పనికి, హెల్మెట్టూ కాళ్ల తొడుగూ వేసుకున్నవాళ్లకు మాత్రమే. ఈ హద్దులు దాని వాడకానికే గానీ మరమ్మతు విద్యకు కావు. ఆ విద్య నిన్న కొన్న పెట్రోలు రంపానికీ చాలావరకు పనికొస్తుంది.

మనకూ ఆ అవసరం ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖలో కూల్చిన చెట్లను రోడ్ల మీది నుంచి తీయడానికి పవర్ రంపాలే దిక్కయ్యాయి. అలాంటి యంత్రం ఏడాదిలో కొన్నాళ్లు పనిచేసి మిగతాకాలం షెడ్డులో ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది, దానికి తట్టుకునేలా చెయ్యని పాత రబ్బరును పాడుచేస్తుంది. అందుకే పని ముగిశాక ట్యాంకు ఒంపేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి దాచండి. ఎప్పుడైనా సీజ్ అయితే కొత్త పిస్టన్‌కు డబ్బులిచ్చే ముందు పాతది చేతికి తీసుకుని, గీతలు ఏ వైపున పడ్డాయో, ఎందుకు పడ్డాయో మెకానిక్‌ను అడగండి.