ఘటోత్కచుడిది ఏ జాతి?

కాకినాడలో ఓ సాయంత్రం మేడ మీద కూర్చుని ఎక్స్-మెన్ కామిక్స్ చదువుతున్న మా మేనల్లుడు తలెత్తి అడిగాడు: "మావయ్యా, ఇంతకీ వీళ్ళు మనుషులేనా, వేరే జాతా?"

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. నాకు అడ్డం పడింది సైన్సు కాదు, 'జాతి' అన్న మాట. తెలుగులో పులులదీ జాతే, భారతీయులదీ జాతే. కులం పేరెత్తకుండా ఒకణ్ణి తిట్టాలన్నా అదే మాట.

సైన్సు ప్రకారం పెద్ద చిక్కేమీ లేదు. తమలో తాము కలిసి, మళ్ళీ పిల్లల్ని కనగల సంతానాన్ని కనే సమూహమే జాతి అని ఎర్నెస్ట్ మాయర్ 1942లో ఇచ్చిన నిర్వచనం. మ్యూటెంట్లు పుట్టేది మామూలు అమ్మానాన్నలకే. మామూలు మనుషుల్నే ప్రేమిస్తారు, పెళ్ళాడతారు, పిల్లల్ని కంటారు. కాబట్టి వేరే జాతి కాదు. ఇదే లెక్కన భీముడికీ హిడింబికీ పుట్టి, తానూ తండ్రి అయిన ఘటోత్కచుడిదీ వేరే జాతి కాదు.

మరి ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ తెచ్చిన మొదటి సంచికలోనే మ్యూటెంట్లని 'హోమో సుపీరియర్' అన్నది ప్రతినాయకుడు మాగ్నెటో. 1982 నాటి 'గాడ్ లవ్స్, మ్యాన్ కిల్స్'లో మ్యూటెంట్లు మనుషులే కాదని ఊరేగేది వాళ్ళని చంపించే మతబోధకుడు. ఇద్దరూ బద్ధశత్రువులే గానీ ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం!

అసలు తమాషా కోర్టులో జరిగింది. అప్పట్లో అమెరికా దిగుమతి సుంకం మనిషి బొమ్మలకి 12 శాతం, మిగతా ఆటబొమ్మలకి 6.8 శాతం. ఎక్స్-మెన్ బొమ్మలు మనుషులవి కావని బొమ్మల కంపెనీ టాయ్ బిజ్ వాదించింది, 2003లో గెలిచింది. కథలో నలభయ్యేళ్ళపాటు "మేమూ మనుషులమే" అన్నవాళ్ళు పన్ను దగ్గరకొచ్చేసరికి కాకుండా పోయారు.

నవ్వుకునే ముందు మన ఇంట్లోకీ చూసుకోవాలి. మన కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లోంచి వెళ్ళిన ఎస్వీ రంగారావు 1957 'మాయాబజార్'లో ఘటోత్కచుడైతే, ఆ రాక్షసుడు ఏ జాతి అని ఎవరం అడగలేదు. అభిమన్యుడికి అన్న వరస, అంతే. వరస కలిస్తే జాతి గుర్తు రాదు. కానీ భారతంలో ద్రోణపర్వం చూడండి. కర్ణుడి శక్తికి అతను బలైతే పాండవులు ఏడుస్తారు, కృష్ణుడు మాత్రం సంతోషిస్తాడు. యజ్ఞాలకు శత్రువైన రాక్షసుడు, కర్ణుడు చంపకపోతే నేనే చంపాల్సి వచ్చేదంటాడు. యుద్ధానికి పిలిచినప్పుడు కొడుకు, చచ్చాక రాక్షసుడు.

అందుకే ఈ కామిక్స్ మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. వివక్షకి ప్రతీకలు అంటూనే వాళ్ళ ఒంట్లో నిజంగానే ఒక తేడా పెట్టారు. కళ్ళజోడు తీస్తే గోడలు కూల్చేవాణ్ణి చూసి భయపడటానికి కారణం ఉంది. మన ఊళ్ళో వేరే గ్లాసు పెట్టడానికి ఏ కారణం ఉంది? కులానికి ప్రాణం లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకోవడం అని అంబేద్కర్ 1916లోనే చెప్పారు. మాయర్ లెక్కలో కలవలేనివాళ్ళు వేరే జాతి. మన లెక్కలో కలవగలిగినవాళ్ళనే కలవనివ్వకుండా ఆపి, వేరే జాతి అంటాం.

"మనుషులేరా," అన్నాను చివరికి.

"మరి ఇందులో వేరే జాతి అని ఉందిగా?"

"ఎవరన్నారో చూడు."

వాడు పేజీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు.