గిరీశం గురుత్వం: ఉపాధ్యాయుల ఆత్మపరిశీలనకు ఒక పఠనం

ఉపోద్ఘాతం:
గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ప్రదర్శితమైంది. నేడు విస్తృతంగా చదువుతున్నది 1909 నాటి రెండవ కూర్పు. విమర్శకులు గిరీశాన్ని ఎక్కువగా కపట సంస్కర్తగానే పరిశీలించారు. అతడు వెంకటేశానికి గురువు కూడా. ఆ కోణంలో చదివినప్పుడు, వెనుకబడిన విద్యార్థుల కోసం మార్పు తేదలచిన ఉపాధ్యాయులకు ఈ నాటకం ఒక హెచ్చరిక.

శిష్యుడి మాట:
వెంకటేశం పరీక్ష తప్పాడు. గురువు వద్ద తనకు అబ్బింది చుట్ట కాల్చడం ఒక్కటేనని మొదటి అంకంలోనే అంటాడు. బోధనపై విద్యార్థి ఇచ్చిన తీర్పు అది. గిరీశం దానిని చుట్ట మాహాత్మ్యంపై ఉపన్యాసంగా మార్చివేస్తాడు. తరువాత చదువు చెప్పే నెపంతోనే అగ్రహారం చేరతాడు. తన గురించి అతడు ధారాళంగా మాట్లాడతాడు. తన బోధనను మాత్రం ఎక్కడా పరీక్షించుకోడు. చివరికి పథకం చెడినప్పుడు కూడా కథ తిరిగిన తీరునే విసుక్కుంటాడు.

అన్వయం, పరిమితి:
2016లో నిజామాబాద్ నుంచి వేరుపడిన కామారెడ్డి జిల్లాలో ఈ పఠనానికి ప్రయోజనం ఉంది. ఎల్లారెడ్డి ప్రాంతపు తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడి, బడిలో పాఠ్యపుస్తకపు తెలుగును ఎదుర్కొంటారు. తల్లి బీడీలు చుడుతూ, తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లనుంచి వచ్చేవారూ ఉన్నారు. 2009 విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షన్ ప్రతి విద్యార్థి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైన అదనపు బోధన చేయడాన్ని ఉపాధ్యాయుల విధిగా నిర్దేశించింది. అంటే ‘వీడికి రాదు’ అనే మాట అంచనాకు ముగింపు కాజాలదు. అదనపు బోధన అక్కడే మొదలు కావాలి.

అయితే ఈ పోలికకు హద్దు ఉంది. పరీక్ష తప్పినా వెంకటేశానికి అగ్రహారంలో ఇంటి ఆసరా ఉంది. తండా బాలిక ఒక ఏడాది తప్పితే బడికే దూరం కావచ్చు. అతడికి గురువును ఎత్తిపొడిచే చనువు ఉంది. పాఠశాల భాషే పూర్తిగా పట్టుబడని ఆమె మౌనంగా ఉండిపోతుంది. ఆ మౌనాన్ని అశక్తతగా లెక్కించడం గిరీశం ఉపన్యాసానికి మరో రూపమే.

ముగింపు:
ఉపాధ్యాయులు తమకు తామే ప్రశ్నలు వేసుకొని తామే జవాబులు రాసుకొంటే ఆత్మపరిశీలన స్వోత్కర్షగా మారే ప్రమాదం ఉంది. తన పాఠంలో ఏది అర్థం కాలేదో విద్యార్థి తన ఇంటి భాషలోనైనా చెప్పే వీలు కల్పించాలి. ఆ జవాబును బట్టి మరుసటి పాఠాన్ని మార్చుకోవాలి. మార్పుకు నాయకత్వం వహించే అర్హత అక్కడినుంచే వస్తుంది.