తెల్ల పంచె, నల్ల గేదె, కెమెరా లెక్క

మిట్టమధ్యాహ్నం చెరువు గట్టున నిలబడ్డ నల్ల గేదెను ఫ్రేము నిండా పట్టి ఫొటో తీస్తే, ఆటో మోడ్‌లో ఉన్న కెమెరా దాన్ని బూడిద రంగు గేదెగా చూపిస్తుంది. అదే కెమెరాతో, సున్నం కొట్టిన గోడ ముందు తెల్ల పంచె కట్టుకుని కూర్చున్న పెద్దాయనను తీస్తే పంచె మాసినట్టు వస్తుంది, ఆయన కళ్లు ముఖపు నలుపులో కలిసిపోతాయి. రెండుసార్లూ కెమెరా చెడిపోలేదు, తనకు అప్పగించిన పని సరిగ్గానే చేసింది. లోపలున్న లైట్ మీటర్ వెలుతురును కొలవగలదు గాని, ఆ వెలుతురు గేదె మీది నుంచి వస్తోందో పంచె మీది నుంచి వస్తోందో దానికి తెలియదు. అందుకని కనబడేదంతా కలిపి సగటు చూస్తే మధ్యస్థపు బూడిద రంగు అవుతుందని, అంటే తన మీద పడిన కాంతిలో సుమారు 18 శాతం తిప్పి పంపుతుందని ఒక లెక్క పెట్టుకుంటుంది. ఏ దృశ్యాన్నయినా ఆ లెక్కకు తెచ్చి సరిపెడుతుంది. సరదాగా ఫొటోగ్రఫీ మొదలుపెట్టి, మంచి కెమెరా ఒకటి కొనుక్కుందామనుకునేవాళ్లు షాపుకు వెళ్లే ముందు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే అనుకుంటాను. వెలుతురు ఎంత కావాలి, ఏది స్పష్టంగా ఉండాలి, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలి, ఏ రంగును తెలుపుగా లెక్కించాలి అని కెమెరా ప్రతి క్లిక్కుకూ నాలుగు తీర్పులు చెబుతుంది. అవి చాలాసార్లు సరైనవే. తప్పినప్పుడు కనిపెట్టి మన మాట నెగ్గించుకోవడమే ఈ విద్యలో అసలు పాఠం. కాబట్టి కెమెరాను చేతిలోకి తీసుకుని అడగవలసిన ప్రశ్న కూడా ఒకటే: దీని మాట కాదనడం నాకు ఎంత సులువు?

కొలిచే సాధనమేదైనా ఏదో ఒక ఊహ మీద నిలబడక తప్పదు. ఆ ఊహ ఎవరిని మనసులో పెట్టుకుని చేసిందన్నది మాత్రం చూసుకోవాలి. రంగుల ఫిల్ము రోజుల్లో కొడాక్ సంస్థ ప్రింటింగ్ ల్యాబ్‌లకు నమూనా ఫొటో ఉన్న కార్డు ఒకటి పంపేది. అందులో తెల్లజాతి యువతి ఉండేది. మొదట్లో అలా ఫొటోకు కూర్చున్న షెర్లీ అనే ఉద్యోగిని పేరుమీద, ఆ తర్వాత వేరే వాళ్లతో వచ్చినవాటిని కూడా షెర్లీ కార్డులనే పిలిచారు. ఆ అమ్మాయి చర్మం చక్కగా వచ్చేలా యంత్రాన్ని సరిచూసుకుని, మిగతా జనం ఫొటోలన్నీ అదే కొలత మీద వేసేవారు. నల్లని ముఖాల్లోని గీతలూ ఛాయలూ చీకట్లో కలిసిపోయేవి. వేర్వేరు చర్మపు రంగుల మనుషులున్న కార్డు రావడానికి 1990ల దాకా పట్టింది. గూగుల్ 2021లో పిక్సెల్ 6 ఫోనుతో పాటు ముదురు చర్మాన్ని ఉన్నదున్నట్టు చూపడానికి ‘రియల్ టోన్’ పేరుతో సవరణలు తెచ్చిందంటే, ఆ పాత పొరపాటు డిజిటల్ కాలంలోకి కూడా నడిచివచ్చిందన్నమాట. చామనఛాయ నుంచి నిగనిగలాడే నలుపు దాకా అన్ని రంగుల ముఖాలూ ఒకే గ్రూపు ఫొటోలో సర్దుకునే మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. అమ్మమ్మ ముఖంలోని ముడతలు ఫొటోలో నిలుస్తాయా, నునుపైపోయి తెల్లబడి పోతాయా అన్నది యంత్రానికి వదిలేయాల్సిన నిర్ణయం కానే కాదు.

కొనడం దగ్గరికి వద్దాం. ప్రకటనల్లో ముందు కనబడే మెగాపిక్సెళ్ల సంఖ్యను ఒక్క గుణకారంతో పక్కన పెట్టేయవచ్చు. పెళ్లి ఆల్బమ్‌లో ఒక పేజీ అంత, అంటే 12 అంగుళాలకు 18 అంగుళాల ప్రింటు, అంగుళానికి 300 చుక్కల చొప్పున వేయాలంటే 3600 పిక్సెళ్లను 5400తో గుణించాలి. రమారమి 1 కోటి 94 లక్షలు, అంటే 20 మెగాపిక్సెళ్ల లోపే. ప్రారంభ శ్రేణికి చెందిన నికాన్ డి3200లో 2012లోనే 24 ఉన్నాయి. సెన్సర్ సైజు అంతకంటే ముఖ్యం. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్లకు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. అభిరుచి కోసం కొనేవాళ్లు ఎక్కువగా తీసుకునే ఏపీఎస్-సి రకం దాని విస్తీర్ణంలో సగం కంటే తక్కువ, అయినా మామూలు ఫోను సెన్సర్ కంటే ఎన్నో రెట్లు పెద్దది. మొదలుపెట్టేవాళ్లకు ఏపీఎస్-సి బాగా సరిపోతుంది. ఇక చూడవలసింది చేతి వేళ్లు ఎక్కడ ఆనుతాయన్నది. ఒకే డయల్ ఉన్న బాడీలో ఎపర్చర్ (లెన్సు రంధ్రం; ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) మార్చే డయల్‌నే, వెలుతురు ప్లస్ మైనస్ చేయాలంటే బటన్ నొక్కిపెట్టి తిప్పాలి. రెండు డయల్స్ ఉంటే కన్ను వ్యూఫైండర్ నుంచి తియ్యకుండానే బొటనవేలు ఒకటి, చూపుడువేలు ఒకటి తిప్పుకుంటాయి. అందుకే 2018 నాటి నికాన్ డి3500ను కొనడం కంటే, 2015 నాటి డి7200 లాంటి రెండు డయల్స్ కెమెరాను సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవడం మేలని నా అభిప్రాయం. డబ్బు పెట్టగలిగితే మిర్రర్‌లెస్ ఇంకా మేలు. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్ అద్దంలోంచి అసలు దృశ్యాన్ని చూపిస్తుంది. మిర్రర్‌లెస్ వ్యూఫైండర్ రాబోయే ఫొటోనే చూపిస్తుంది. గేదె బూడిద రంగులోకి తిరుగుతుంటే క్లిక్ చేయకముందే తెలిసిపోతుంది, డయల్ తిప్పితే మళ్లీ నలుపెక్కడం కళ్లముందే కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: వీడియోలను దృష్టిలో పెట్టుకుని చేసిన సోనీ జెడ్‌వీ-ఈ10, నికాన్ జెడ్30 వంటివాటిలో అసలు వ్యూఫైండరే లేదు. మన ఎండల్లో వెనక తెర మీద బొమ్మ కనబడక అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు ఏ నిర్ణయమూ నిదానంగా తీసుకోలేరు. సెకండ్‌హ్యాండ్ కొంటే షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులయ్యాయో అడగాలి. లెన్సును వెలుతురుకు ఎదురుపెట్టి సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో చూడాలి. ఎఫ్ 16 దగ్గర ఉత్త ఆకాశాన్ని ఒక ఫొటో తీసి పెద్దది చేస్తే సెన్సర్ మీది దుమ్ము మచ్చలు బయటపడతాయి.

బాడీ మీద మిగిల్చిన డబ్బు లెన్సుకు పోవాలి. కెమెరాతో పాటు ఇచ్చే 18-55 కిట్ లెన్సు జూమ్ చివర ఎఫ్ 5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు చాలా కంపెనీలలో తక్కువ ధరవాటిలో ఒకటి. 5.6ను 1.8తో భాగించి వర్గం చేస్తే దాదాపు పది వస్తుంది, అంటే పదింతల వెలుతురు. దీపాలు పెట్టే వేళ అరుగు మీద కూర్చున్న పాపను కిట్ లెన్సుతో తీయడానికి సెకనులో పదో వంతు కావలసివస్తే, ఈ లెన్సుతో నూరో వంతు చాలు. మొదటి దానిలో పాప తల కాస్త కదిలినా చెదిరిపోతుంది, రెండోదానిలో నిలబడుతుంది. దీనికి బదులుగా చెల్లించేదీ ఉంది. మనిషి మీటరున్నర దూరంలో ఉంటే ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా వచ్చే మేర ఆరేడు సెంటీమీటర్లే. ముక్కు మీద ఫోకస్ పడితే చెవులు కరిగిపోతాయి. కెమెరా తనంతట తాను సాధారణంగా అన్నిటికంటే దగ్గర వస్తువును పట్టుకుంటుంది కాబట్టి, ఫోకస్ పాయింటు ఒక్కటే ఉంచుకుని దగ్గరి కంటి మీద పెట్టడం అలవాటు చేసుకోవాలి. జూమ్ లేని లెన్సు చేతులు కట్టేసినట్టు ఉంటుందన్న ఫిర్యాదు నిజమే. అయితే మొదటి ఏడాది ఆ కట్టు మంచే చేస్తుంది. లెన్సు ఎంత మేర చూస్తుందో కంటికి ముందే తెలిసిపోవడంతో, కెమెరా ఎత్తకముందే ఎక్కడ నిలబడాలో కాళ్లకు తెలుస్తుంది. నేలపట్టులోనో ఉప్పలపాడులోనో పక్షులు తీయాలనుకున్నవాళ్లకు మాత్రం ఈ మాట వర్తించదు. అక్కడ 400 మిల్లీమీటర్ల దాకా వెళ్లే లెన్సు తప్పదు, ఎగిరే రెక్క నిలవాలంటే సెకనులో వెయ్యో వంతుకు మించని షట్టర్ కావాలి.

నేర్చుకునే పద్ధతి గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది: మాన్యువల్ మోడ్‌తో మొదలుపెట్టడం అనవసరపు పట్టుదల. ఎపర్చర్ మనం ఎంచుకుంటే షట్టర్ కెమెరా ఎంచుకునే ఎపర్చర్ ప్రయారిటీలో పెట్టి, ప్లస్ మైనస్ డయల్ మీద వేలు ఉంచితే చాలు. ఎందుకంటే అప్పుడు ప్రతిసారీ కెమెరా ఒక ప్రతిపాదన చేస్తుంది, మనం ఔననో కాదనో అంటాం. ఆ సంభాషణలోనే వెలుతురు అర్థమవుతుంది. గేదె ఫ్రేము నిండితే మైనస్ ఒకటి, తెల్ల గోడ నిండితే ప్లస్ ఒకటి అన్నంత వరకు ఎవరైనా రెండు రోజుల్లో పట్టేస్తారు. చిక్కు ఎక్కడంటే తెల్లకొంగ దగ్గర. మబ్బు పట్టిన తెల్లని ఆకాశంలో ఎగిరే కొంగకు ప్లస్ కావాలి. అదే కొంగ ముదురాకుపచ్చ వరిచేను నడుమ చిన్నగా ఉంటే మైనస్ కావాలి. కెమెరా చేనంతటినీ సగటు చూసి, చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది, కొంగ ఈకలు తెల్లటి అట్టముక్కలా ఓవర్ అయిపోతాయి. పక్షి అదే, రంగూ అదే, సవరణ మాత్రం తలకిందులు. వస్తువు రంగును కాక ఫ్రేములో ఎంత భాగం ఏ ఛాయలో ఉందన్నదాన్ని చూడటం వచ్చిననాడు మీటరు లెక్క లోపలి నుంచి అర్థమైనట్టు. రంగుల తీర్పులోనూ ఇంతే. పసుపు బట్టలతో, పసుపు పూలతో నిండిన పెళ్లిపందిట్లో ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ పసుపును దీపాల దోషమనుకుని నీలం కలిపితే ముఖాలు పాలిపోతాయి. పగటి వెలుతురు గుర్తున్న సెట్టింగుకు మార్చి అక్కడే ఉంచితే పసుపు పసుపుగా, దీపం దీపంలా వస్తుంది. కోలాటంలో తిరిగే చేతులు స్థిరంగా రావాలా, చెదిరిన గీతలుగా రావాలా అన్నదైతే కెమెరా ఊహించగలిగేది కూడా కాదు. సెకనులో ఐదువందలో వంతు ఒక నాట్యాన్ని చూపిస్తుంది, పదిహేనో వంతు ఇంకో నాట్యాన్ని.

కెమెరాలో మీటరే లేని రోజుల్లో ఈ తీర్పులన్నీ మనిషే చెప్పేవాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉండి, సికిందరాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూసేనాటికి గాజు పలకల మీద వేలాది చిత్రాలు తీశారు. కోటల మీది ఎండనూ, తలపాగాల తెలుపునూ, వాటి కింది ముఖాలనూ ఒకే పలక మీద ఇమిడ్చింది అనుభవంతో పండిన కన్నే. ఆ కన్నుకు దగ్గరి దారి ఒకటి ఫిల్ము పెట్టెలోని చీటీల మీద చాలాకాలం అచ్చయింది. నిండు ఎండలో ఎఫ్ 16 పెట్టి, ఐఎస్ఓ (ఫిల్ము లేదా సెన్సర్ వెలుతురుకు ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) ఎంతో షట్టర్ సెకనులో అన్నో వంతు పెట్టమంటుంది: ఐఎస్ఓ 100 అయితే నూరో వంతు. ఈ లెక్క వస్తువు నుంచి తిరిగొచ్చే వెలుతురును పట్టించుకోదు, సూర్యుడి నుంచి పడేదాన్నే చూస్తుంది. అందుకే గేదె నల్లగానూ పంచె తెల్లగానూ వస్తాయి. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం ఈ సూత్రంతో పది ఫొటోలు తీసి, కెమెరా సూచించే అంకెలతో పోల్చి చూస్తే, మీటరు ఎక్కడ తడబడుతోందో అంకెల్లో కనిపిస్తుంది.

ఫోను ఇవన్నీ తనే చేసి పెడుతుంటే ఈ శ్రమ ఎందుకన్నది బలమైన అభ్యంతరమే. పగటి వెలుతురులో ఫోను తీసే చిత్రాలు చక్కగా ఉంటాయి. వరసగా అనేక ఫ్రేములు తీసి కలిపి, ఆకాశమూ ముఖమూ రెండూ కనబడేలా చేస్తుంది. ఆ కలపడంలోనే నా అభ్యంతరం కూడా ఉంది. నీడను ఎంత ఎత్తాలి, చర్మాన్ని ఎంత నునుపు చేయాలన్న నిర్ణయాలు క్లిక్ తర్వాత లోపల జరిగిపోతాయి. వాటిని కాదనడానికి వేలికి దొరికే డయల్ ఏదీ ఉండదు. జ్ఞాపకం కోసం తీసే ఫొటోకు ఫోను చాలు, చూడటం నేర్చుకోవాలనుకునేవారికి చాలదు. ఈనాటి కెమెరాలు కూడా దృశ్యాన్ని గుర్తుపట్టి, కళ్లను వెతికి పట్టుకుంటున్నాయి కదా అంటారు ఇంకొందరు. కన్ను పట్టుకోవడం గొప్ప వరమే, వాడుకోవాలి. కాని సాయంత్రపు చూరు నీడ చీకటిగానే ఉండాలని మనం అనుకుంటున్నామో లేదో ఏ గుర్తింపూ చెప్పలేదు. రా ఫైలు తీసుకుంటే తర్వాత కంప్యూటర్లో సరిచేసుకోవచ్చన్న మాటలో సగం నిజముంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. రంగు తేడాలూ కొంత నీడా తిరిగి తెచ్చుకోవచ్చు. పూర్తిగా ఓవర్ అయిపోయిన కొంగ ఈకలు మాత్రం ఏ ఫైలులోనూ ఉండవు, కదలికకు చెదిరిన కన్నూ తిరిగి రాదు.

పాతకాలపువాళ్లకు లేని ఒక సదుపాయం డిజిటల్ కెమెరా ఇస్తుంది. ప్రతి ఫొటోలోనూ దాని ఎపర్చర్, షట్టర్, ఐఎస్ఓ, తీసిన నిమిషంతో సహా రాసిపెట్టి ఉంటాయి. ఒకే అరుగును, ఒకే లెన్సుతో, నెలరోజులు వేర్వేరు వేళల్లో తీసి, ఆ అంకెలను బొమ్మల పక్కన పెట్టుకుని చదివితే అంతకు మించిన పాఠ్యపుస్తకం అక్కర్లేదు. అప్పుడు సున్నపు గోడ ముందు కూర్చున్న పెద్దాయన దగ్గరికి మళ్లీ వెళ్లాలి. ఎండలోంచి చూరు నీడలోకి జరగమని ఆయన్ను అడగాలి. ముఖం మీది గట్టి నీడలు అక్కడ మెత్తబడతాయి. దగ్గరి కంటి మీద ఫోకస్ పెట్టి, గోడ తెలుపుకు మీటరు మోసపోతుందని తెలుసు కాబట్టి ప్లస్ ఒకటి దాకా తిప్పి, ఎడమన నలుపు నుంచి కుడిన తెలుపు దాకా ఛాయల పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ చూడాలి. పంచె తాలూకు గుట్ట కుడి అంచు దాకా వెళ్లి, అంచుకు తగలకుండా ఆగాలి. అంచును తాకితే మూడో వంతు వెనక్కి.