‘ఆదిత్య 369’: కథలోని కంతలు

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వెలువడిన ‘ఆదిత్య 369’ తెలుగు చలనచిత్ర రంగంలో వైజ్ఞానిక కల్పనకు గట్టి పునాది వేసిందనడంలో భేదాభిప్రాయం వుండనక్కరలేదు. 2025 ఏప్రిల్‌లో అది మళ్ళీ విడుదలైనప్పుడు హిందూపురంలో విద్యార్థులతో కలిసి చూశాను. ఈ ఊళ్ళో ఆ చిత్రాన్ని విమర్శించడం కొంచెం సాహసమే. కథానాయకుడు బాలకృష్ణ 2014 నుంచీ ఇక్కడి శాసనసభ్యుడు. అయినా చెప్పవలసిన మాట వున్నది. గతంలోకి తీసుకుపోయినంత సేపు మనల్ని ఊరించిన చిత్రం, భవిష్యత్తులో అడుగు పెట్టగానే డీలా పడిపోతుంది. దానికి కారణం గతంలోనే వున్నదని నా అభిప్రాయం.

చిన్న కంతల సంగతి ముందు తేల్చేద్దాం. కాలంలో వెనక్కి పోయే యంత్రం సరిగ్గా విజయనగర ప్రాంతంలోనే ఎందుకు దిగింది? 465 సంవత్సరాల వెనుకటి తెలుగు మన కుర్రవాడికి ఇంత సులువుగా ఎలా అర్థమైంది? 1526లో తెనాలి రామకృష్ణుడు కొలువులో కనిపిస్తాడు. ‘పాండురంగ మాహాత్మ్య’ కర్త అసలు రాయల కొలువులో వున్నాడా, తర్వాతి తరం వాడా అనేది సాహిత్య చరిత్రకారుల మధ్య నేటికీ వివాదమే. వీటిని నేను పట్టించుకోను. కల్పనకు ఆ మాత్రం స్వేచ్ఛ ఇవ్వకపోతే కథే లేదు. కథ తనంతట తాను ఎత్తుకున్న ప్రశ్నకు సమాధానం ఎగవేయడం మాత్రం క్షమించరానిది.

కథకు ఇరుసు ఒక వజ్రం. రాయల కాలపు ఆ వజ్రాన్ని మన కాలంలో ఒక ధనికుడు ప్రదర్శనశాల నుంచి దొంగిలింపజేస్తాడు. దొంగతనం ఘోరమే. కాని అంతకు ముందు అది ఎవరిది? చిత్రంలో వజ్రానికి కొలువున్నది, ప్రదర్శనశాల వున్నది, దొంగ ఇల్లున్నది; గని మాత్రం లేదు. రాయల తర్వాత కొద్ది సంవత్సరాలకు విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్, నిర్ణీత బరువు మించిన వజ్రం ఏదైనా రాజుకే చెందుతుందని చెప్పాడు. తవ్వినవాడికి దక్కినది కూలి. మన అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలల్లో తొలకరి వానలు పడగానే పేదలు పిల్లాజెల్లాతో వంగి ఎర్రమన్నులో రాళ్ళు వెదకడం ఈనాటికీ చూడవచ్చు. ఎక్కడినుంచో పుట్టి కిరీటం మీద వాలినట్టు వజ్రాన్ని చూపే కథకు, అది దొంగిలించబడిందని గగ్గోలు పెట్టే అర్హత సగమే వున్నది.

చిత్రం చూసి వచ్చాక ధర్మవరం నుంచి రైల్లో వచ్చి చదువుకొనే ఒక అమ్మాయి అడిగింది: “ఆ నర్తకి కట్టిన పట్టు ఎవరు నేశారు సార్?” ఆ అమ్మాయి తండ్రి గుంత మగ్గం మీద కూర్చునే మనిషి. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టులో గూళ్ళ ధర పడిపోయిన రోజు రైతు ముఖమూ, నేసిన చీరను షావుకారు లెక్కకట్టే వేళ నేతగాని ముఖమూ ఆమె చూసి వుంటుంది. విజయనగర కాలపు శాసనాల్లో మగ్గాల మీద పన్ను వున్నది. అంటే రాయల కాలంలో మగ్గం వున్నది, నేసే చేయి వున్నది, ఆ చేతినుంచి పన్ను రాబట్టే అధికారి వున్నాడు. చిత్రంలో చీర మాత్రమే వున్నది. నాకు సమాధానం తోచలేదు కాని, విమర్శకుడికి కావలసిన ప్రశ్న అదే ననిపించింది.

వినోదం కోసం తీసిన చిత్రంలో ఇవన్నీ వెదకడం న్యాయమా అని ఒక మిత్రుడు ఆక్షేపించాడు. మాయాబజారులో అడగను. విజ్ఞానం పేరు చెప్పి, సంవత్సరం అంకెతో సహా చరిత్ర చూపిస్తానన్నవాణ్ణి అడుగుతాను.

కదలిక లేని స్వర్ణయుగం నుంచి కదిలే భవిష్యత్తు పుట్టదు. 1526 తర్వాత 39 ఏళ్ళకే విజయనగరం పాడుపడింది. తిరుమలరాయలు పెనుకొండకు తరలి వచ్చాడు. ఆ కొండ కింద ఇప్పటికీ నిలిచివున్న కోటగోడలు ఆ పతనానికి సాక్ష్యం. కొలువు చూసిన యంత్రం ఆ పతనపు ఛాయను కూడా చూడదు. అందుచేతనే 2504లో దిగినప్పుడు అక్కడి వినాశనానికి కారణం చెప్పలేకపోతుంది. మూడవ ప్రపంచ యుద్ధం వచ్చిందట, భూమి పైభాగం అణుధార్మికతతో నిండిందట, జనం భూమి లోపల బతుకుతున్నారట. యుద్ధం ఎవరి ప్రయోజనాల కోసం వచ్చింది? చిత్రం విడుదలకు కొద్ది నెలల ముందే చమురు దేశాల మీద గల్ఫ్ యుద్ధం జరిగింది. కారణాలు పత్రికల మొదటి పేజీల్లోనే వున్నాయి.

ఇక ఆ పాతాళ నగరాన్ని తవ్వినవాళ్ళెవరు? అన్నం ఎక్కడ పండుతున్నది? దీపాలు ఎవరు వెలిగిస్తున్నారు? ఈ జాతి కథలన్నిటికీ మూలపురుషుడైన హెచ్.జి. వెల్స్ 1895లోనే ‘టైమ్ మెషీన్’లో ఈ ప్రశ్న వేశాడు. ఆయన యాత్రికుడు 8,02,701వ సంవత్సరానికి పోతాడు. పైన సుఖంగా, సోమరిగా తిరిగే ఎలోయీలు. కింద చీకట్లో యంత్రాలు నడిపే మోర్లాకులు. యజమానులూ కార్మికులూ వేరువేరు ప్రాణులైపోయేదాకా దోపిడీని సాగదీసి చూపాడు వెల్స్. ఆయన కథలో మోర్లాకులు భయంకరులుగా కనిపించడం మధ్యతరగతి భయమే కావచ్చు. కాని వాళ్ళున్నారు, వాళ్ళ యంత్రాల చప్పుడు వినిపిస్తుంది. మన చిత్రంలో మానవజాతి అంతా భూగర్భంలోకి దిగింది, మోర్లాకు మాత్రం మాయమైనాడు. వెల్స్ నుంచి యంత్రాన్ని తెచ్చుకొని, ఆ యంత్రాన్ని నడిపే మనిషిని అక్కడే వదిలివచ్చారు.

ఇలా చెప్పినా, ఇళయరాజా సంగీతమూ, గతాన్నీ భవిష్యత్తునూ ఒకే కథలో కూర్చిన దర్శకుని ధైర్యమూ నాకు నేటికీ ఇష్టమే. ‘ఆదిత్య 999’ పేరుతో దీనికి కొనసాగింపు వస్తుందని బాలకృష్ణ ప్రకటించి వున్నారు. అందులో యంత్రం మళ్ళీ రాయల కాలానికి పోయేటట్లయితే, కొలువుకు చేరేముందు దాన్ని ఒక్క పూట వజ్రకరూరు చేలల్లో దించాలని నా కోరిక.