వచ్చిన చుట్టం పేరు లూవా

రియో డి జనీరోలోని కేథలిక్ విశ్వవిద్యాలయంలో టెక్‌గ్రాఫ్ అనే గ్రాఫిక్స్ ప్రయోగశాల ఉంది. 1990ల మొదట్లో దానికి పెద్ద ఖాతాదారు బ్రెజిల్ చమురు సంస్థ పెట్రోబ్రాస్. అక్కడి ఇంజనీర్లకు సిమ్యులేషన్ ప్రోగ్రాములకు డేటా ఎక్కించే తెరలు కావాలి. రాతిపొరల నివేదికలు తమకు నచ్చిన తీరులో గీసుకునే వీలు కావాలి. ప్రతి చిన్న మార్పుకీ ప్రోగ్రామర్ని బతిమాలి, సీ భాషలోని కోడు తిరగరాయించి, కంపైల్ చేయించుకోవాలంటే అయ్యే పనేనా? అందుకని ఈ రెండు అవసరాలకూ రెండు బుల్లి భాషలు కట్టారు. అందులో ఒకదాని పేరు సోల్, పోర్చుగీసులో సూర్యుడు. 1993లో ఆ రెంటి స్థానంలో ఒకే భాష తెచ్చారు రొబెర్తో యెరుసలిమ్స్కీ, లూయిస్ ఎన్రిక్ ది ఫిగెరెదో, వాల్దెమార్ సెలెస్. సూర్యుడి తర్వాత వచ్చింది కనక లూవా, అంటే చంద్రుడు.

సాఫ్ట్‌వేర్‌లో ఇంకో భాషను కాపురం పెట్టించడం అప్పటికే పాత సంగతి. 1985 నాటి గ్నూ ఈమాక్స్ సగానికి పైగా లిస్ప్‌తోనే నడుస్తుంది. 1986లో ఆటోక్యాడ్‌లోకి ఆటోలిస్ప్ వచ్చింది. ఇంటి ప్లాన్లు గీసే మన డ్రాఫ్ట్స్‌మన్లలోనూ లిస్ప్ అంటే ఏమిటో తెలియకుండానే ఎల్ఎస్‌పీ ఫైళ్ళు లోడ్ చేసుకుని పని కానిచ్చేవాళ్ళున్నారు. లూవా ప్రత్యేకత ఏమిటంటే, అది పుట్టిందే ఇంకొకరింట్లో ఉండడానికి. లైబ్రరీలన్నీ కలుపుకున్నా దాని బరువు 300 కిలోబైట్లకు అటూఇటూ.

అసలు చిక్కు ఆ ఇంటి భాష సీకీ, చుట్టం లూవాకీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడంలో ఉంది. సీలో ప్రతి విలువకూ రకం ముందే ఖాయం, జ్ఞాపకస్థలం లెక్క ప్రోగ్రామరే చూసుకోవాలి. లూవాలో రకం నడుస్తుండగా తేలుతుంది, వాడని విలువల్ని ఊడ్చేసే చీపురు దానికే ఉంది. సీ గనక లూవా వస్తువు చిరునామా నేరుగా పట్టుకుని కూర్చుంటే, ఆ సంగతి తెలియని చీపురు దాన్ని ఊడ్చేయొచ్చు. అందుకని రెంటికీ మధ్య, విలువలు ఒకదానిమీద ఒకటి పేర్చే స్టాక్ ఒకటి పెట్టారు. మడి కట్టుకున్న అమ్మమ్మలకు ఏదీ చేతికందించకూడదు, కింద పెడితే వాళ్ళే తీసుకునేవారు. ఆ ఆచారం మంచిచెడ్డలు అలా ఉంచితే, ఇక్కడి పద్ధతి అచ్చంగా అదే. సీ ముందు ఫంక్షన్‌ని, దానిమీద విలువల్ని స్టాక్‌పై పెట్టి పిలుస్తుంది. లూవా వాటిని తీసుకుని, ఫలితాలు అక్కడే పెడుతుంది. స్టాక్ మీద ఉన్నంతసేపు చీపురు వాటి జోలికి రాదు. సీ ఫంక్షన్ని లూవాకు అప్పగించాలన్నా ఇదే దారి: ఫలితాలు స్టాక్ మీద పెట్టి, ఎన్ని పెట్టిందో ఒక అంకె చెబితే చాలు.

లూవాను పిలవడానికి పీకాల్ అనే ఫంక్షన్ వాడడం మరవకూడదు. స్క్రిప్టులో తప్పు దొర్లితే ఆ తప్పు సందేశంగా తిరిగొస్తుంది, అప్లికేషన్ కూలిపోదు. తప్పే లేకుండా అంతూపొంతూ లేని లూప్ రాశారనుకోండి, కిటికీ మొత్తం బిగుసుకుపోతుంది. దానికీ మందుంది: ఇన్ని ఆదేశాలకోసారి ఆగి నన్నడుగు అని హుక్ తగిలించవచ్చు.

2007లో వచ్చిన అడోబీ లైట్‌రూమ్‌లో బరువైన చిత్రగణితం సీ ప్లస్ ప్లస్ చూసుకుంటే, తెరల వ్యవహారంలో చాలా భాగం లూవా చూసుకుంది. ఆ విభజన నాకు ముచ్చటగా ఉంటుంది. తరచూ మారేది మెత్తని భాషలో, మారనిది గట్టి భాషలో.

ఇలాంటి భాషను అప్లికేషన్‌కు అతికించడం ఒకటి రెండు రోజుల పని. అందులో స్క్రిప్టులకు ఏ తలుపు తెరవాలన్నది ఏళ్ళ తరబడి వెంటాడే ప్రశ్న. వర్డ్‌లో మాక్రోలనే చిన్న స్క్రిప్టులకు తలుపులన్నీ బార్లా తెరిస్తే, 1995లో కాన్సెప్ట్ అనే వైరస్ ఉత్తరాల వెంట ఊరేగింది. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైళ్ళలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ తనంత తానుగా ఆపడం మొదలుపెట్టింది 2022లో.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో లూవా యాడ్‌ఆన్లకు ఫైళ్ళ లైబ్రరీ ముట్టనివ్వలేదు. అయినా ఒక తలుపు మిగిలింది. జట్టులో ఎవరికి మంత్రవైద్యం కావాలో యాడ్‌ఆనే వెతికి, గురిపెట్టి, మంత్రం వేసేసేది. ఆటగాడి వంతు ఒక్క మీట నొక్కడమే. 2006 చివర వచ్చిన ప్యాచ్‌తో గురిపెట్టే, మంత్రం వేసే ఫంక్షన్లకు గడియ పడింది. తెరమీద ఎవరి ఆరోగ్యం ఎంతుందో చూపించడానికి, రంగులు మార్చడానికి లూవాకు అనుమతి ఉండిపోయింది. ఎవరిని కాపాడాలో మాత్రం వైద్యం చేసే ఆటగాళ్ళు తామే చూసుకుని క్లిక్ చేయాల్సి వచ్చింది.