చార్మినార్ కాగితం

ఈ వారం కాలమ్ కుంటుతూ రాస్తున్నాను. కిక్కర్ తిరగబడి పిక్క మీద కొట్టింది. మనం బండిని తన్నాలి గానీ బండి మనల్ని తన్నిందంటే నిప్పు ముందే పడుతోందని అర్థం. పిస్టన్ పైకి చేరకముందే పెట్రోలు అంటుకుని, దాన్ని వచ్చిన దారినే వెనక్కి తోస్తుంది. అదే నిప్పు ఆలస్యమైతే తన్నదు, మూలుగుతుంది. ఫ్లైఓవర్ ఎక్కనంటుంది, సైలెన్సర్ కాలిపోతుంది, పెట్రోలు మాత్రం తెగ తాగుతుంది.

బండి సంగతి పాత పాఠకులకు తెలిసిందే. నాన్న పొలానికి తిరిగిన టూస్ట్రోక్ మోపెడ్. అమ్మేయమని ఇంట్లో ఏటా తీర్మానం చేస్తారు, ఏటా నేను వినిపించుకోను.

మా వీధి మలుపులో కొత్తగా షెడ్డు పెట్టిన కుర్రాడి దగ్గరికి తోసుకెళ్లాను. ఇప్పటి మెకానిక్కులకు చెవుల్లేవన్న నా వాదన మీకు కంఠతా వచ్చేసి ఉంటుంది. మిక్సీ మీద రాసినప్పుడూ అదే అన్నాను, గోడగడియారం మీద రాసినప్పుడూ అదే. ఈ కుర్రాడూ అంతే, కనీసం స్టార్ట్ చేసి చూడకుండా ప్లగ్గు విప్పాడు.

"ముందు శబ్దం వినవయ్యా" అన్నాను.

"విని ఏం చేయాలి సార్?" అన్నాడు.

ఒళ్లు మండింది. సాయిబు గారు గుర్తొచ్చారు.

1980లలో తెనాలి కాలవ గట్టున ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. బండి స్టార్ట్ చేయించి, తల ఓ పక్కకి వంచి, కళ్లు మూసుకునేవారు. కాసేపటికి "ముందుంది" అనో, "వెనకుంది" అనో తీర్పు వచ్చేది. బెంచీ మీద కూర్చున్న వాళ్లమంతా నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. తర్వాత నా చేతిలో చిల్లర పెట్టి, ఒక చార్మినార్ సిగరెట్ తెమ్మనేవారు. కాల్చడానికి కాదు. దాన్ని చీల్చి, పొగాకు అసిస్టెంటు అరచేతిలో పోసి, ఆ పల్చటి కాగితాన్ని పాయింట్ల మధ్య దూర్చేవారు. ఒక చేత్తో మాగ్నెట్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, రెండో చేత్తో కాగితాన్ని మెల్లగా లాగేవారు. బిగుసుకుని ఉన్న కాగితం చటుక్కున జారిందంటే పాయింట్లు విడిపోయినట్టు, నిప్పు పడేదీ అప్పుడే. ఆ క్షణంలో మాగ్నెట్ మీది గీత, ఇంజన్ మీది గీత ఎదురెదురుగా ఉండాలి. లేకపోతే ప్లేటు స్క్రూ వదులు చేసి జరపడం, మళ్లీ కాగితం.

పాయింట్ల మధ్య ఎడం 0.4 మిల్లీమీటరు అటూ ఇటూ. క్యామ్‌ను రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ ఆ ఎడం తగ్గుతుంది, నిప్పు వెనకబడుతుంది. ఇది ఒక్కరోజులో జరగదు కాబట్టి ఎవరికీ తెలియదు. బస్తా బరువెక్కిందనుకుంటాడు రైతు. నిమిషానికి 5,000 చుట్లు తిరిగే టూస్ట్రోక్‌లో సెకనుకు 83 సార్లు నిప్పు పడాలి. అన్నిసార్లూ సమయానికి పడుతుందా లేదా అన్నది తేల్చింది ఆ సిగరెట్ కాగితమే.

ఇక్కడ మా కుర్రాడు మాగ్నెట్ తిప్పి చూశాడు. పాయింట్లు విడిపోయేసరికి గీతకి గీత అతికినట్టు కలిసింది. "టైమింగ్ బాగానే ఉందిగా, కార్బొరేటర్ చూడు" అన్నాను. బండి మొరాయిస్తే అందరూ ముందు కార్బొరేటర్‌నే తిడతారు, నేనూ తిట్టాను. వాడు మాట్లాడకుండా ప్లగ్గు రంధ్రంలో సైకిల్ పుల్ల దించి మళ్లీ తిప్పాడు.

"సార్, గీత ఒకటి చెబుతోంది, పిస్టన్ ఇంకోటి చెబుతోంది."

పుల్లర్‌తో మాగ్నెట్ ఊడదీశాడు. లోపల అర్ధచంద్రాకారపు కీ సగానికి తెగి ఉంది. గీత ఉన్నది మాగ్నెట్ మీదే, పాయింట్లను తెరిచే క్యామ్ ఉన్నదీ దాని మీదే. మాగ్నెట్టే షాఫ్ట్ మీద జారిపోతే అన్నీ కలిసే జారతాయి, ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి. నిజానికి మాగ్నెట్‌ని పట్టి ఉంచేది షాఫ్ట్ ఏటవాలు మీది బిగింపు. కీ పని చోటు చూపించడం వరకే. నట్టు వదులైతే దాని ప్రాణం మీదికొస్తుంది.

"దీన్ని ఇంతకుముందు ఎవరు విప్పారు సార్? అంచున సుత్తి దెబ్బలున్నాయి."

నేనే. 2020 లాక్‌డౌన్‌లో పుల్లర్ లేక సుత్తి వాడాను. నట్టు చేతికి తోచినంత బిగించి, స్టార్ట్ చేసి, తల వంచి, కళ్లు మూసుకుని విన్నాను. బాగానే ఉందని తీర్పిచ్చాను.

సాయిబు గారు ఒక్కసారైనా చెవిని నమ్మి స్క్రూ తిప్పారా? గుర్తు చేసుకుంటే, లేదు. తీర్పు ఎంత గట్టిగా చెప్పినా కాగితం దూర్చకుండా ప్లేటు ముట్టుకోలేదు. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. సిగరెట్ కొనగా మిగిలిన చిల్లర ఎంతో ఆయనకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది, అదీ కుడివైపు నిలబడి. ఎడమ చెవి వినపడేది కాదు. తల వంచేది అందుకే.

కుర్రాడు కొత్త కీ వేసి, మాగ్నెట్ బిగించి, కాయిల్ వైరు విప్పి, పాయింట్లకు బ్యాటరీతో చిన్న బల్బు కలిపాడు. పాయింట్లు విడిపోగానే బల్బు ఆరిపోవాలి.

"సిగరెట్ తెమ్మంటావా?" అని అడిగాను.

"అలవాటు లేదు సార్" అన్నాడు, బల్బు మీంచి చూపు తిప్పకుండా.